తేనెటీగలకు పదిహేను రోజుల నోటీసు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదో కొలిచినవాళ్లు లేరు గనక పెద్దదనే ఒప్పేసుకుందాం, బక్కన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. పేరుకే బక్కన్న, ఆకారం మాత్రం గడ్డివామంత. పుట్టినప్పుడు బక్కగా ఉన్నాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. తర్వాత మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

బక్కన్నది తేనె వ్యాపారం. అందులో వడ్రంగిపిట్ట పోలమ్మకి సగం వాటా. ఆవిడ అడవంతా ఎగిరి ఏ చెట్టు మీద పట్టు పండిందో చూసొచ్చి చెప్పేది. బక్కన్న చెట్టెక్కి దించేవాడు. తేనె బక్కన్నకి, పట్టులో పురుగులు పోలమ్మకి. ఆవిడకి తేనె ముక్కుకి అంటుకుని చిరాకు, ఇతనికి పురుగులు పళ్ల సందుల్లో ఇరుక్కుని చిరాకు. అలా పన్నెండు వేసవులు సాఫీగా సాగిపోయాయి. మధ్యలో ఒకే ఒక్క తగాదా వచ్చింది, అదీ బక్కన్న చూసుకోకుండా ఒకసారి పట్టు మీద కూర్చున్నాడని.

ఆ ఏడు మాత్రం కాలం బాగాలేదు. పూతలు మాడిపోయాయి. అడవి మొత్తానికి ఒక్కటంటే ఒక్కటే పట్టు తయారవుతోంది, ఏటిగట్టు మద్దిచెట్టు మీద, బండిచక్రమంత. వానలు మొదలైతే తేనెటీగలు ఉన్న తేనె తాగేసి ఎగిరిపోతాయి. ఈలోగా దాన్ని దించి గుహలో తొర్రమానులో నింపుకోవాలి. బక్కన్నకి ఆ ఏడే ఇద్దరు పిల్లలు పుట్టారు. తొర్ర నిండకపోతే వానాకాలమంతా ఆ పసివాళ్లకి పస్తే. కాబట్టి ఈ కథలో పట్టంటే పట్టు కాదు నాయనా, పిల్లల అన్నం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉడుము సీతాపతిరావు గారు అడవిలో దిగారు.

ఆయన మామూలు ఉడుము కాదు. పట్నంలో కోర్టు వరండా కింద తూములో నాలుగేళ్లు కాపురం చేసినవారు. వాదనలన్నీ విన్నారు. తీర్పులు మాత్రం వినలేదు, ఎందుకంటే ఒక్క తీర్పు వచ్చేదాకా బతకడం ఏ ఉడుము వల్లా కాదు. అడవికి తిరిగొచ్చి ఒక రాతి నెర్రెలో మకాం పెట్టి, బయట ఆకు మీద 'న్యాయ, వ్యాపార సలహాలు ఇవ్వబడును' అని రాసి తగిలించారు. ఆయనకి తేనెపట్టంటే పడిచచ్చేంత ఇష్టం. దించడమే చేతకాదు.

ఒకరోజు ఆ దారిన పోతున్న బక్కన్నని ఆయన పిలిచారు.

"బక్కన్న గారూ, ఒక్క నిమిషం."

బక్కన్న వెనక్కి తిరిగి చూశాడు, ఆ 'గారు' ఎవరా అని. బుద్ధెరిగాక తనని 'గారు' అన్నవాడు లేడు. 'ఒరే' అన్నవాళ్లున్నారు, 'ఇదిగో' అన్నవాళ్లున్నారు, 'అమ్మో' అన్నవాళ్లయితే కోకొల్లలు. ఆ ఒక్క మాటకే వెన్నలా కరిగిపోయి రాయి ముందు చతికిలబడ్డాడు.

"మీ వ్యాపారం కాగితాలు ఓసారి చూపించండి," అన్నారు ఉడుము గారు.

"కాగితాలేంటండీ?"

"మీకూ ఆ పిట్టకీ మధ్య ఒప్పందం."

"నోటిమాటేనండీ."

ఉడుము గారు కళ్లు మూసుకున్నారు. "ఎన్నేళ్లుగా?"

"పన్నెండేళ్లండీ."

"గొడవలేమీ రాలేదా?"

"చెప్పుకోదగ్గవేవీ రాలేదండీ," అన్నాడు బక్కన్న గర్వంగా.

"అయ్యయ్యో! అయితే అన్నీ కలిసి ఒక్కసారే వస్తాయన్నమాట."

ఉడుము గారు నాలిక ఒకసారి బయటపెట్టి లోపల పెట్టుకుని, మెత్తగా అన్నారు. "రేపు మీకేదైనా అయిందనుకోండి. అవకూడదు, అయిందనుకోండి. మీ ఆవిడ పిల్లల్ని తీసుకుని వాటా కోసం వెళ్తే, 'అసలు మీరెవరు?' అని ఆ పిట్ట అంటే?"

"ఛ, ఛ! పోలమ్మక్క అలా అనదండీ. మా పెద్దాడికి పేరు పెట్టిందే ఆవిడ."

"అనదు. ఒప్పుకున్నాను. కానీ అంటే?"

ఆ 'అంటే' బక్కన్న చెవిలో జోరీగలా దూరింది. ఇంటికెళ్లేదాకా రొద పెడుతూనే ఉంది.

"నీకేమన్నా మతిపోయిందా?" అంది భార్య నాంచారమ్మ విషయం విని. "పోలమ్మ వదిన మన పొట్ట కొడుతుందా? పట్టు పండే వేళకి ఈ గొడవలేంటి? వెళ్లి చెట్టు చూసుకో."

"నీకు తెలీదులే. ఆయన చదువుకున్నవారు. నన్ను గారు అన్నారు తెలుసా?"

"అంటే అన్నారు. గారెలు పెట్టలేదుగా!"

కానీ బక్కన్న వినలేదు. మొగుళ్లు వింటే కథలెక్కడి నుంచి వస్తాయి?

నాలుగు రోజుల్లో పత్రం తయారైంది. అరవైమూడు టేకాకులు. పోలమ్మని కూడా పిలిపించారు. ఆవిడ రాయి మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి ఆ ఆకుల దొంతర చూసి, "ఇదంతా మా ఇద్దరి గురించేనా? మేమింత ఎప్పుడు చేశాం?" అంది.

ఉడుము గారు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. "మూడో షరతు. ఇందు మూలముగా ఎలుగుబంటి, వడ్రంగిపిట్టను తినరాదు."

పోలమ్మ ఉలిక్కిపడింది. బక్కన్న అంతకంటే ఉలిక్కిపడ్డాడు. "అయ్యా, నేను అక్కని తినడమేంటండీ!"

"తినరు కదా? అదే రాశాం. అభ్యంతరమేముంది?"

పోలమ్మ బక్కన్న నోటివంక చూసింది. పన్నెండేళ్లుగా చూస్తున్న నోరే. ఆ పళ్లు అంత పొడుగున్నాయని ఆవిడ ఆ రోజే గమనించింది.

"నాలుగో షరతు. పిట్ట, ఎలుగుబంటిని కావాలని ఖాళీ చెట్టు ఎక్కించి కిందపడవేయరాదు."

ఈసారి బక్కన్న పోలమ్మ వంక చూశాడు. రెండేళ్ల కిందట ఒక ఇప్పచెట్టు మీద నుంచి నడ్డి విరిగేలా పడ్డాడు. కొమ్మ పుచ్చిపోయి విరిగిందనుకున్నాడు ఇన్నాళ్లూ. కొమ్మేనా?

ముప్ఫై ఆకులు చదివేసరికి ఇద్దరూ ఒకరికొకరు ఎడమయ్యి కూర్చున్నారు. "మిగతావన్నీ మామూలువే. అన్ని పత్రాల్లోనూ ఉండేవే," అని ఉడుము గారు దొంతర ముందుకు తోశారు. బక్కన్న పంజా ముద్ర వేశాడు. పోలమ్మ ముక్కుతో చిల్లు పొడిచింది. ఆవిడ వెళ్తుంటే ఉడుము గారు వెంట వెళ్లి, "బక్కన్నగారు పట్టుబట్టి నాలుగోది రాయించారమ్మా, ఏమీ అనుకోకండి," అన్నారు. వెనక్కొచ్చి బక్కన్నతో, "పోలమ్మగారు మూడోది లేకపోతే ముద్ర వేయనన్నారు, ఏమీ అనుకోకండి," అన్నారు. ఇద్దరూ అనుకున్నారు.

వారం తిరక్కుండా మద్దిచెట్టు పట్టు పండింది. పాతరోజుల్లో అయితే పోలమ్మ గుహ ముందు వాలి "లే తమ్ముడూ, పండింది!" అనేది, మధ్యాహ్నానికల్లా పట్టు ఇంట్లో ఉండేది. ఇప్పుడు పదకొండో షరతు ప్రకారం ఆవిడ సమాచారం ఆకు మీద రాసి ఉడుము గారికిచ్చింది. ఉడుము గారు బక్కన్నకి పంపారు. బక్కన్న 'అందింది' అని రాసి ఉడుము గారికి పంపాడు. ఇందులో నాలుగు రోజులు ఎగిరిపోయాయి.

"ఇక ఎక్కనాండీ?" అన్నాడు బక్కన్న ఆశగా.

"ఆగండాగండి. బాధిత పక్షానికి నోటీసు ఇవ్వద్దూ?"

"బాధిత పక్షమెవరండీ?"

"తేనెటీగలు."

బక్కన్న నోరు తెరిచాడు. "అయ్యా... ఫలానా రోజు మీ తేనె తీసుకుపోతాం అని ఈగలకి మనమే చెప్తే..."

"చెప్పకుండా తీస్తే దొంగతనం, బక్కన్నగారూ. చెప్పి తీస్తే వ్యాపారం. పదిహేను రోజుల గడువుతో ఇద్దాం, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా."

ఆ మాట బక్కన్నకి ఎంత నచ్చిందంటే, దారంతా పైకి అనుకుంటూ ఇంటికెళ్లాడు. నాంచారమ్మ మూతి విరిచింది. "అయితే పన్నెండేళ్లూ నాకు దొంగసొమ్మే పెట్టావన్నమాట. ఆ దొంగసొమ్మే ఇంకో తొర్రెడు పట్రా, నోరు మూసుకుని తింటాం. మబ్బులు చూశావా?"

చూశాడు. పడమటి దిక్కున దూదిపింజల్లా రెండు మబ్బులు లేచాయి. అయినా నోటీసు మద్దిచెట్టు మొదట్లో అంటించారు.

తేనెటీగల సంగతి చెప్పాలి. పుట్టి బుద్ధెరిగి వాటికెవరూ నోటీసు ఇవ్వలేదు. ఎలుగుబంటి వస్తే కుట్టాలి, పట్టు పోతే మళ్లీ కట్టుకోవాలి, అంతే వాటి చట్టం. ఆకు చూసి రాణీ ఈగ బెంబేలెత్తిపోయింది. "ఇదేదో పెద్ద వ్యవహారంలా ఉంది. మనకీ ఒక సలహాదారు ఉండాలి," అంది. అడవిలో ఉన్న సలహాదారు ఒక్కరే. ఈగల గుంపు ఝుమ్మంటూ రాతి నెర్రె ముందు వాలింది.

మూడోరోజున బక్కన్నకి తేనెటీగల తరఫున జవాబు వచ్చింది, పదిహేడు ఆకులు. బక్కన్న దాన్ని తిరగేసి, బోర్లేసి, వాసన చూసి, పరుగున ఉడుము గారి దగ్గరికి పోయాడు.

"అయ్యా, ఇందులో రాత మీ రాతలా ఉందండీ!"

"నాదే."

"అదేంటండీ! మీరు మావారు కదా!"

"మీవాణ్ణి కాబట్టే వాళ్లది కూడా ఒప్పుకున్నాను," అన్నారు ఉడుము గారు నొచ్చుకున్నట్టు. "ఇంకో సలహాదారు దగ్గరికి పోతే మీ గుట్టు ఆయనకి తెలియదు, ఆయన ఎత్తు మనకి తెలియదు. ఇప్పుడు చూడండి, రెండువైపులా నాకు తెలుసు. మీకెంత లాభమో ఆలోచించండి."

బక్కన్న ఆలోచించాడు. ఎటు ఆలోచించినా లాభంలాగే వినిపించింది, నష్టంలాగే అనిపించింది. "వాళ్లకేం సలహా చెప్పారండీ?" అని అడిగాడు చివరికి.

"అది నేను చెప్పకూడదు. వృత్తిధర్మం," అన్నారు ఉడుము గారు. ఆయన చెప్పకపోయినా మనం చెప్పుకోవచ్చు. 'పట్టు దగ్గరికి ఎవరు వచ్చినా సరే, ఎవరు, ఏమిటి అని అడగకుండా వెంటనే కుట్టవలెను. అడిగితే వాళ్ల హక్కు మీరు ఒప్పుకున్నట్టవుతుంది' అని రాసిచ్చారు. ఈగలు దాన్ని ఒక్క అక్షరం పోకుండా బట్టీ పట్టాయి.

ఆ జవాబు మీద మళ్లీ జవాబు, దాని మీద వివరణ. ఈ రాతకోతల్లో పదిహేను రోజులు కాస్తా పద్దెనిమిదయ్యాయి. గుహలో పాత తేనె అయిపోయింది. బక్కన్న ఒక సాయంత్రం ఇంటికొస్తే పిల్లలిద్దరూ ఖాళీ తొర్రమానులో తలలు దూర్చి అడుగు నాకుతున్నారు. చిన్నది తల బయటికి తీసి, "నాన్నా, తీపి రావట్లేదు," అంది. నాంచారమ్మ ఇద్దరినీ బయటికి లాగి మూతులు తుడిచింది. అంతకంటే ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది బక్కన్నకి.

ఆ బాధంతా పోలమ్మ మీదికి మళ్లింది. తెల్లారి ఏటి దగ్గర ఎదురుపడితే, "నీకు నామీద నమ్మకం లేకపోబట్టే కదా ఇదంతా!" అని అరిచాడు. "నాకా? నా పిల్లలు పురుగులు లేక నోళ్లు తెరుచుకుని చస్తున్నారు. నీ నడ్డి విరిగిందని నామీద కసి పెట్టుకుంది నువ్వు!" అని ఆవిడ అంతకు రెండింతలు అరిచింది. పక్క చెట్ల మీది కోతులు పనులు మానుకుని విన్నాయి.

రాతి నెర్రెలో ఉన్న ఉడుము గారికీ వినబడింది. అరవైమూడు ఆకులూ రాసింది ఆ అరుపుల కోసమే. హుషారుగా పత్రం తీసి ఏటిగట్టుకి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"వివాదం తలెత్తింది గనక అరవై ఒకటో ఆకు వర్తిస్తుంది," అన్నారు. "వినండి. 'భాగస్తుల మధ్య వివాదము వచ్చినచో, అది తేలువరకు పట్టు మొత్తము సలహాదారు సంరక్షణలో ఉండవలెను.' మీ క్షేమం కోసమే."

"అది మాకు చదవలేదే!" అంది పోలమ్మ.

"మామూలువే అన్నాను కదమ్మా. మీరు సరేనన్నారు."

"ఎప్పటికి తేలుతుందండీ?" అన్నాడు బక్కన్న.

"తేలుతుంది. కంగారెందుకు?" అన్నారు ఆయన, ఎప్పుడూ కంగారు పడాల్సిన పని లేనివాళ్ల గొంతుతో. పైన మబ్బులు నల్లబడ్డాయి. గాలి తిరిగింది. ఏ క్షణాన్నైనా చినుకు పడేలా ఉంది. "పట్టు స్వాధీనం చేసుకుంటున్నాను. మీరిద్దరూ సాక్షులు. రండి."

మద్దిచెట్టు కింద బక్కన్న ఒక పక్క, పోలమ్మ ఒక పక్క నిలబడ్డారు. ఉడుము గారు దర్జాగా ఎక్కారు. ఆయనకి భయం లేదు. ఈగలు ఆయన కక్షిదారులే కదా! పట్టుకి మూరెడు దూరంలో ఆగి, మానుకి గోళ్లు దిగేసి, "అమ్మా రాణీగారూ, నేను..." అన్నారు.

అంతే. పట్టు మీది ఈగలన్నీ ఒక్క పెట్టున లేచాయి.

"నేనే! మీ సలహాదారుని! సీతాపతిరావుని!" అని అరిచారు ఆయన.

"తెలుసండీ," అంది రాణీ ఈగ వినయంగా. "కానీ ఎవరు వచ్చినా అన్నారు. మీరు తప్ప అని ఎక్కడా రాయలేదు. ఎవరని అడగవద్దని కూడా మీరే అన్నారు. ఇప్పుడు ఆగి మాట్లాడితే హక్కు ఒప్పుకున్నట్టయిపోదూ?"

ఉడుము తోలు మందమే. కానీ ఈగలు తోలు జోలికి పోలేదు. కళ్ల చుట్టూ, ముక్కుల్లో, చంకల్లో, ముఖ్యంగా ఆ నాలిక మీద కుట్టాయి. కిందికి దూకేస్తే బతికిపోయేవారు. కానీ ఉడుము జాతికి ఒక గుణం ఉంది, నొప్పి ఎక్కువయ్యేకొద్దీ పట్టు బిగుస్తుంది. ఒక్కో కాటుకీ ఆయన మానుని ఇంకా గట్టిగా వాటేసుకున్నారు. కాసేపటికి అక్కడ ఉడుము కనబడలేదు, ఈగల ముద్ద కనబడింది.

కింద పోలమ్మ నెమ్మదిగా అంది. "బక్కన్నా, నిజం చెప్పు. ఆ నాలుగో షరతు నువ్వేనా రాయించింది?"

"నేనా! నీమీద అలాంటిది రాయిస్తానా అక్కా? నువ్వే కదా నేను తింటానని మూడోది రాయించావు!"

"నేనా? ఎవరు చెప్పారు నీకు?"

ఇద్దరూ తలెత్తి చెట్టు మీదికి చూశారు. ఎవరు చెప్పారో అక్కడే ఉన్నారు. బక్కన్నకి సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కిపోయింది. "నా బుద్ధి గడ్డి తిందక్కా. గారు అన్నారని పడిపోయాను."

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగానిలే," అంది పోలమ్మ. ఆవిడ కళ్లు అప్పటికే పట్టు మీదున్నాయి. "పట్టు మీద ఒక్క ఈగ లేదు చూడు. అన్నీ ఆయన మీదే ఉన్నాయి. చూస్తూ నిలబడ్డావేంట్రా, ఎక్కు!"

బక్కన్న ఎక్కాడు. గడ్డివామంత ఆకారం ఉడతలా పాకింది. ఉడుము గారి దగ్గరికి వచ్చాక దారి ఇరుకయ్యింది. "కొంచెం జరగండి గురువుగారూ," అన్నాడు. ఈగల ముద్దలోంచి వాచిన నాలికతో ఒక గొంతు వచ్చింది. "ఇది... ఒప్పంద... ఉల్లంఘన!"

"అవునండీ," అని బక్కన్న ఆయన్ని దాటుకుని వెళ్లి, పట్టుని ఉన్నదున్నట్టే తుంచి చంకలో పెట్టుకుని జారుకుంటూ దిగిపోయాడు. నేల మీద కాలు పెట్టేసరికి టపటపా చినుకులు మొదలయ్యాయి. ఈగలకి ఈ సంగతి వాన జోరందుకున్నాకగానీ తెలియలేదు.

ఆ రాత్రి తొర్రమాను అంచుదాకా నిండింది. పిల్లలు మూతులు, చెవులు, పాదాలు తేనె చేసుకుని నిద్రపోయారు. పోలమ్మ పురుగులు ఏరుకుని వెళ్తూ వెళ్తూ పెద్దాడి తల మీద ముక్కుతో ఒక్కటి పొడిచి పోయింది.

ఇకమీదట సలహాదారుల జోలికి పోకూడదని వాళ్లు బుద్ధి తెచ్చుకున్నారని మీరనుకుంటున్నారేమో. పొరపాటు. ఉడుము గారు నెల్లాళ్లకి కోలుకున్నారు. వాపు పూర్తిగా తగ్గక మొహం గుండ్రంగా, గంభీరంగా తయారైంది. 'అంత కుట్టించుకున్నారంటే ఎంత అనుభవం ఉండాలి!' అని అడవంతా ఆయన ముందు బారులు తీరింది. ఆయన కూడా జరిగినదాన్నుంచి పాఠం నేర్చుకుని, తన పత్రాలన్నింటిలో 'సలహాదారు తప్ప' అనే రెండు మాటలు చేర్చారు. తర్వాతి వేసవికి వచ్చిన కొత్త ఈగలకి చదువు రాదన్న సంగతి మాత్రం ఆయన కనుక్కోలేదు.

ఆ వేసవిలో మద్దిచెట్టు మళ్లీ పండింది. ఆ పొద్దున్నే బక్కన్న, పోలమ్మ రాతి నెర్రె ముందుకొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చూసుకుంటే నవ్వొస్తుందని, చేతులూ రెక్కలూ ముడుచుకుని నిలబడ్డారు.

"గురువుగారూ," అన్నాడు బక్కన్న దీనంగా, "మాకు మళ్లీ ఘోరమైన గొడవ వచ్చిందండీ. తమరు ఒక్కసారి వచ్చి పట్టు సంరక్షణలోకి తీసుకోవాలి."

నీతి: వ్యాపారమన్నాక ఒక సలహాదారుడు ఉండి తీరాలి, మనం తేనె దించుకుంటున్నంతసేపూ ఈగలకి ఎవరో ఒకరు కావాలి కదా.